పాత షాపింగ్ కాంప్లెక్సు స్థలంలో ఏది మేలు: పార్కా, ప్రకృతిని పోలిన భవనమా, నీటి మడుగా?

పై అంతస్తుల షట్టర్లు దించేసి, కింద నాలుగు సెల్‌ఫోన్ దుకాణాలతో నెట్టుకొస్తున్న పాత షాపింగ్ కాంప్లెక్సులను ఏం చేస్తే బాగుంటుందని విజయనగరం, శ్రీకాకుళం పాఠకులు తరచూ అడుగుతున్నారు. అవి ఎందుకు వెలవెలబోయాయో అందరికీ తెలిసిందే కనుక నేరుగా ప్రత్యామ్నాయాలలోకి వెళ్తాను.

మొదటిది, కూల్చివేసి పార్కు చేయడం. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో బ్రాడ్‌మార్ష్ మాల్ యాజమాన్య సంస్థ 2020లో దివాలా తీశాక, ఆ స్థలంలో కొంత భాగాన్ని ‘గ్రీన్ హార్ట్’ పేరిట పార్కుగా మార్చి 2024లో తెరిచారు. సిరిమానోత్సవం నాడు జనంతో కిక్కిరిసిపోయే విజయనగరానికి ఖాళీ స్థలం విలువ వేరే చెప్పనక్కరలేదు. అయితే పార్కుకు ఏటా ఖర్చే తప్ప రాబడి ఉండదు. ప్రారంభోత్సవం నాటి పచ్చదనం రెండో వేసవి దాకా నిలుస్తుందా అన్న అనుమానం నాకుంది.

రెండోది, ప్రకృతిని చూసి నేర్చుకున్న కొత్త భవనం. దీనికి అందరూ చూపే ఉదాహరణ జింబాబ్వే రాజధాని హరారేలో 1996లో పూర్తయిన ఈస్ట్‌గేట్ సెంటర్. వాస్తుశిల్పి మిక్ పియర్స్ చెదపుట్టల నుంచి స్ఫూర్తి పొంది, మామూలు ఏసీ వ్యవస్థ లేకుండానే దానిని రూపొందించారు. రాత్రి చల్లగాలిని కాంక్రీటు గుండా పారించి, ఆ చల్లదనాన్ని పగటికి వాడుకోవడం అందులోని కిటుకు. కానీ హరారే సముద్రమట్టానికి దాదాపు పదిహేను వందల మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ రాత్రులు చల్లబడతాయి. మే నెలలో అర్ధరాత్రి దాటినా ఉక్కపోత తగ్గని మన తీరానికి ఆ కిటుకును యథాతథంగా తెస్తే లోపల కూర్చున్నవారికి చెమటే మిగులుతుంది. ఇక మిలాన్‌లోలాగా బాల్కనీల నిండా చెట్లు పెంచుదామంటే, 2014 నాటి హుద్‌హుద్, 2018 నాటి తిత్లీ తుపాన్లు నేలలో పాతుకున్న చెట్లనే ఏం చేశాయో గుర్తుంటే చాలు.

మూడోదే నాకు నచ్చినది. తైవాన్‌లోని తైనాన్ నగరంలో కాలువ పక్కన 1983లో కట్టిన మాల్ పాడుబడితే, డచ్ సంస్థ ఎంవీఆర్‌డీవీ దాని పైభాగం తొలగించి, భూగర్భ పార్కింగును పల్లపు మైదానంగా మార్చింది. 2020లో తెరిచిన ఆ చోట చుట్టూ మొక్కలు, మధ్యలో లోతు తక్కువైన మడుగు ఉన్నాయి. వానాకాలంలో నీటిమట్టం పెరుగుతుంది, ఎండాకాలంలో తగ్గుతుంది. పాత కాంక్రీటు చట్రంలో కొంత అలాగే నిలిపారు.

నా దృష్టిలో తేల్చవలసిన విషయం అందమూ కాదు, అద్దెలూ కాదు, వాన నీరు. మన దగ్గర వర్షంలో ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబరు లోపే కుమ్మరిస్తుంది, ఆపైన ఎండలు. గట్టి వాన పడిన ప్రతిసారీ మోటారు పెట్టి సెల్లారులోంచి నీటిని రోడ్డు మీదికి తోడిపోసే పట్టణంలో, ఆ సెల్లారునే నీటిని పట్టి ఉంచి నేలలోకి ఇంకించే గుంటగా తీర్చిదిద్దడం కన్నా తెలివైన పని నాకు కనబడదు. పెద్ద చెరువు, అయ్యకోనేరు ఉన్న విజయనగరానికి ఈ ఆలోచన కొత్తేమీ కాదు. రోడ్డు వైపు పిల్లర్ల మధ్య దుకాణాలను ఉంచితే, ఇప్పుడున్న అద్దెదారులు వీధిన పడరు, నిర్వహణకు కొంత రాబడీ ఉంటుంది.

దోమల మాటేమిటని అడగడం సహజం. నిలవ నీటిలో దోమ లార్వాలను తినే గంబూసియా చేపలు వదలాలి, ఫిబ్రవరి కల్లా మడుగును ఎండబెట్టి పూడిక తీయాలి. అంతకన్నా పెద్ద చిక్కు చట్రానిది. ఉప్పుగాలికి పాత స్లాబుల్లో ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది. మెట్ల మలుపు దగ్గర తలెత్తి చూస్తే పెచ్చులూడిన చోట ఎర్రటి ఊచలు కనిపిస్తాయి. స్ట్రక్చరల్ ఇంజనీరు చేత కాంక్రీటు నమూనాలు తీయించి పరీక్షించకుండా ఏ పిల్లరునూ నిలపరాదు. పరీక్షలో చట్రం నెగ్గకపోతే దానిని పూర్తిగా కూల్చి, సెల్లారు గుంటను మాత్రం మట్టితో పూడ్చకుండా పార్కులో కలుపుకోవాలి.