విమానాలు బోలెడిచ్చి ఓడ పొట్ట కోసేశారు

ఈ బొమ్మ కిట్ల కొట్టు చెన్నైలో పురసవాక్కం వైపు ఒక సందులో, మేడ మీద. బోర్డు తమిళంలో ఉంటుంది గానీ కొట్టాయనది తాతల నాటి మద్రాసు తెలుగు. "రాండి సార్, ఫ్యాన్ కింద కూర్చొని నిదానంగా చూడండి" అంటాడు. పరీక్షలయ్యాక మనవడికి ఏదైనా కొనిపెడతానని మాటిచ్చి ఇరుక్కున్నాను. వాడి చూపు యుద్ధవిమానాల మీద. నా కంటికి మాత్రం పై అరలో దుమ్ము పట్టిన పెట్టె ఒకటి కనబడింది: అమెరికా వాళ్ళ యుద్ధనౌక వాస్ప్, అసలు ఓడలో 700వ వంతు (1/700) కొలతలో ప్లాస్టిక్ కిట్, 4,350 రూపాయలు.

"ఇది ఎయిర్‌క్రాఫ్ట్ క్యారియరే కదా తాతా?" అన్నాడు వాడు. అందరూ పడే పొరపాటే. పైన చదునుగా డెక్కు, పక్కన మేడలాంటి కట్టడం చూసి అలాగే అనుకుంటారు. నిజానికిది సైన్యాన్ని ఒడ్డుకి దించే ఓడ.

నేను విశాఖలో నేవీ ఉద్యోగం చేసి, కొడుకు పుణ్యమా అని ఇప్పుడు మడిపాక్కంలో తేలాను. ఆ ఉద్యోగంలో మూడేళ్ళు మగర్ అనే ఓడ మీద గడిచాయి. ఒడ్డున ఇసుకలోకి ముక్కు గుచ్చి, ముందు తలుపులు తెరిచి ట్యాంకుల్ని దించే ఓడ అది. పోయేటప్పుడే వెనక లంగరు వదిలేసి పోయేవాళ్ళం. తిరిగి రావాలంటే ఆ గొలుసు లాక్కుంటూ వెనక్కి జరగాలి. ఒడ్డు వాలు కుదరకపోతే ఇక అంతే సంగతులు. వాస్ప్‌కి ఆ బాధ లేదు. అది దూరంగానే ఆగి, పొట్టలోంచి పడవల్నీ వీపు మీంచి హెలికాప్టర్లనీ పంపుతుంది. వెనక తలుపు తీస్తే లోపల ఓడలోనే చిన్న రేవు ఉంటుంది, దాన్నే వెల్ డెక్ అంటారు. మామూలు పడవల్ని తేల్చాలంటే బాలాస్ట్ ట్యాంకుల్లోకి సముద్రపు నీరు వదిలి ఓడ వెనక భాగాన్ని దించుతారు. హోవర్‌క్రాఫ్ట్‌కి ఆ ముంపు అక్కర్లేదు, గాలి మీద జారుకుంటూ బయటికి పోతుంది. ఒక్కోటి 60 టన్నులు మోస్తూ 40 నాట్ల (గంటకి 74 కిలోమీటర్ల) పైన పరిగెడుతుంది. మామూలు పడవలు దిగగలిగే తీరం ప్రపంచం మొత్తంలో 15 శాతం చిల్లరైతే, వీటికి 70 శాతం పైనే అందుబాటు అని లెక్క.

ఇక కిట్ సంగతి. అసలు ఓడ 257 మీటర్లు కాబట్టి బొమ్మ 37 సెంటీమీటర్లకి కాస్త తక్కువ రావాలి. స్కేలు పెట్టి చూశా, సరిగ్గా వచ్చింది. డెక్కు మీద గీతలు, విమానాల్ని పైకెక్కించే పక్క లిఫ్టులు శుభ్రంగా ఉన్నాయి. పనామా కాలువ దాటేటప్పుడు ఆ లిఫ్టుల్ని మడుస్తారన్న సంగతి మనవడికి తెగ నచ్చింది. హారియర్ యుద్ధవిమానాలు, హెలికాప్టర్లు గోరంతవే అయినా రెక్కల అంచులు కూడా తేలాయి. స్టిక్కర్లు మాత్రం నాసిరకం, నీళ్ళలో నానగానే రెండు ముక్కలయ్యాయి. మన ఎండకి గమ్ముకూడా త్వరగా చిక్కబడుతుంది, మధ్యాహ్నం పూట అతికించకండి.

అసలు మోసం వెనకాల ఉంది. నిజం ఓడలో ఆ రేవు పొడవు 81 మీటర్ల పైమాటే. హోవర్‌క్రాఫ్ట్ దాదాపు 27 మీటర్లు, అంటే మూడు ఒకదాని వెనక ఒకటి చేరితే మిగిలే చోటు మీటరంత. వెడల్పులోనూ అంతే ఇరుకు. ఆ మూడింటి కొలతకే పొట్ట కట్టారనిపిస్తుంది. బొమ్మలో ఇది 11.6 సెంటీమీటర్లు రావాలి. వీళ్ళు 8 దగ్గరే అడ్డగోడ కట్టేశారు! పెట్టెలో హోవర్‌క్రాఫ్టులు మూడిచ్చి, చోటు రెండింటికే.

అంత పట్టింపు ఎందుకంటారా? ఆ పొట్ట అక్కర్లేదని అమెరికా వాళ్ళే ఒకసారి అనుకున్నారు. 2014లో వాళ్ళ నేవీలో చేరిన అమెరికా అనే ఓడలో, దాని తర్వాతి ట్రిపోలీలో తీసేసి విమానాలకి చోటు పెంచారు. మూడోదాని దగ్గరికొచ్చేసరికి మళ్ళీ పెట్టారు. మన నేవీ ఓడ జలాశ్వకీ ఆ పొట్ట ఉంది. 1971 నాటి అమెరికా ఓడ ట్రెంటన్‌నే 2007లో కొని ఆ పేరు పెట్టుకున్నాం. నేను దిగిపోయాక వచ్చింది, అందుకే నేవీ డేకి జనాన్ని రానిచ్చినప్పుడు మాత్రమే లోపల నిలబడి చూశాను. ఆ చీకటి, ఆ తడి వాసన, ఎత్తయిన గోడలు చూసినవాడికి ఈ 8 సెంటీమీటర్ల డబ్బా ఏం ఆనుతుంది? 

విమానాల సరదా ఉన్న పిల్లలకైతే కొనండి, పెట్టిన డబ్బుకి న్యాయమే. ఓడ కోసం కొనేవాళ్ళు కొట్లోనే పెట్టె తెరిపించి కొలుచుకోండి, ఆయనేమీ అనుకోడు. నేను ఫిర్యాదు చేస్తే స్కేలు తెచ్చి తనూ కొలిచాడు. "ఇన్నేళ్ళలో దీని కడుపు కొలిచింది మీరొక్కరే సార్" అని ఒక గమ్ము సీసా ఊరికే చేతిలో పెట్టాడు. మూడో హోవర్‌క్రాఫ్ట్ ప్రస్తుతం మా ఫ్రిజ్ మీద ఉంది.