చెన్నై ప్యారీస్ కార్నర్ పాత్రల కొట్టు: కుక్కర్ కొనకపోయినా స్పేర్ల కోసమైనా వెళ్ళండి

చెన్నైలో పాత్రలు కొనాలంటే అందరూ టీ నగర్ దారి పడతారు. అక్కడ ఏసీ ఉంటుంది, లిఫ్టు ఉంటుంది, ఒకటి కొంటే ఇంకోటి ఉచితం ఉంటుంది, కానీ కుక్కర్ గురించి ఒక్క ప్రశ్న అడిగితే సేల్స్ అబ్బాయి అట్టపెట్టె మీద ఉన్నదే మనకి చదివి వినిపిస్తాడు. ఈ కొట్టుకి ఆ హంగులేం లేవు. హైకోర్టు మెట్రోలో దిగి ఎన్‌ఎస్‌సీ బోస్ రోడ్డు వెంట రట్టన్ బజార్ వైపు నడవాలి, సందులోకి తిరగ్గానే దబరాలు, ఇడ్లీ పాత్రలు గుమ్మానికి అడ్డంగా పేర్చి ఉంటాయి, వాటి మధ్య నుంచి పక్కకి తిరిగి లోపలికి దూరాలి. బండి పెట్టుకునే చోటు దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు.

ఓనర్ తెలుగాయనే. తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి వచ్చారట, మాటల్లో సగం అరవం దొర్లుతుంది. నేను వెళ్ళింది అయిదు లీటర్ల స్టీలు కుక్కర్ కోసం. "ఎందరికమ్మా వంట? గ్యాసా, ఇండక్షనా?" అని అడిగి మూడు కంపెనీలవి దించారు. ధర ఊసెత్తకుండా ముందు ఒక్కో మూతా లైటుకేసి పట్టి, వెయిట్ కూర్చునే గొట్టంలోంచి వెలుగు పూర్తిగా కనపడుతోందో లేదో చూడమన్నారు. కొన్నాక కూడా వండే ముందు రోజూ ఇలా చూసుకుంటే చాలా టెన్షన్ తప్పుతుందట. పప్పు నురగ లేచి ఆ గొట్టంలో అడ్డం పడితే ఆవిరికి దారి ఉండదు, అందుకే అన్నం, పప్పు లాంటివి కుక్కర్‌లో సగానికి మించకూడదు, మిగతావైతే మూడింట రెండు వంతుల దాకా నింపొచ్చు. మన ఇళ్ళల్లో ఎవరు పాటిస్తారు చెప్పండి, చుట్టాలొస్తే మూత పట్టినంత వరకూ పోసేస్తాం.

తర్వాత సేఫ్టీ వాల్వ్. మూత మీద బొత్తాంలా ఉంటుందే, అదే. అందులో తక్కువ వేడికే కరిగే లోహం ఉంటుంది. మామూలుగా కుక్కర్ లోపల నీళ్ళు 120 డిగ్రీల దగ్గర మరుగుతుంటాయి. ఆవిరి బయటికి పోయే దారి మూసుకుపోయి వేడి హద్దు దాటితే ఆ లోహం కరిగి ఆవిరిని వదిలేస్తుంది. వంటిల్లు పాడైతే పాడవుతుంది గానీ మూత ఎగిరి మొహాన పడదు. కాబట్టి ఫుట్‌పాత్ మీద దొరికే పేరూ ఊరూ లేని వాల్వ్ బిగించడం కంటే తెలివితక్కువ ఆదా ఇంకోటి లేదు, అందులో కరగని లోహం ఉంటే మనకి తెలిసేది ఎలా? టీటీకే ప్రెస్టీజ్ కుక్కర్లు ఒకప్పుడు ఉత్తరాదిలో పేలుతుంటే, కారణం వెతుక్కుంటూ వెళ్ళిన ఆ కంపెనీ అధిపతి టీ.టీ. జగన్నాథన్‌కి కనపడింది ఈ నకిలీ వాల్వుల సంగతే. ఆ తర్వాత వచ్చిందే గాస్కెట్ రిలీజ్ సిస్టమ్. మూత అంచులో చిన్న సందు వదిలారు, మిగతావన్నీ మూసుకుపోయినా గాస్కెట్ ఆ సందులోంచి బయటికి పొంగి ఆవిరి పోనిస్తుంది. టీటీకే గ్రూపు పుట్టింది కూడా ఈ ఊళ్ళోనే, 1928లో.

ఐఎస్‌ఐ గుర్తు సంగతి పెద్దాయన చెప్పకపోయినా నేనే అడిగేదాన్ని. గుర్తు పైన ఐఎస్ 2347 అని, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరు ఈ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థదైన బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారుచేసింది ఎవరు, లైసెన్సు ఇంకా నడుస్తోందా అన్నీ వచ్చేస్తాయి, కౌంటర్ దగ్గరే కొట్టి చూపించారు. 2021 ఫిబ్రవరి 1 నుంచి ఇంట్లో వాడే ప్రెషర్ కుక్కర్లు ఈ గుర్తు లేకుండా అమ్మకూడదు. అయినా అమ్మేవాళ్ళు అమ్ముతూనే ఉన్నారు. 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇదే విషయంలో అమెజాన్‌కి లక్ష రూపాయల జరిమానా వేసి, ఆ సైట్‌లో అమ్ముడైన 2,265 కుక్కర్లు వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇమ్మని ఆదేశించింది. అంత పెద్ద సైట్ కదా, అన్నీ చూసే పెడతారులే అనుకునేవాళ్ళు ఇంట్లో ఉన్న కుక్కర్ ఒకసారి తిరగేసి చూడండి.

చివరికి తీసుకున్నది లోపల మూత రకం. ఆవిరి ఒత్తిడే మూతని లోపలి నుంచి పైకి అదిమి పెడుతుంది కాబట్టి, ఆవిరి తగ్గకుండా లాగినా రాదు. మా అత్తగారికి తొందర ఎక్కువ, విజిల్ ఆగీ ఆగగానే మూత మీద చెయ్యి వేస్తారు, అందుకని ఇదే మాకు సరి. ఇబ్బంది కూడా ఉంది. మూతని ఏటవాలుగా దించి లోపల తిప్పాలి, మొదట్లో చికాకు. మూతి కాస్త ఇరుకు, వెడల్పు గిన్నెలు దిగవు. అడుగు మందంగా ఉండడంతో చింతపండు పప్పు కూడా అంటడం లేదు. మొదటి విజిల్‌కే మంట తగ్గించి అక్కణ్ణించి నిమిషాలు లెక్కపెట్టుకోమన్నారు, విజిల్స్ లెక్క వద్దన్నారు. నిజంగానే గ్యాస్ తక్కువ ఖర్చవుతోంది.

కంచాలు, గ్లాసుల దగ్గర మాత్రం కొట్టుకి కొంచెం మార్కులు తగ్గిస్తాను. కుర్రాడు అయస్కాంతం తెచ్చి "అక్కా, అంటుకోలేదు చూడండి, 304 స్టీలే" అన్నాడు. ఈ పరీక్షతో ఊరంతా మోసపోతోంది. నికెల్ తగ్గించి మాంగనీసు ఎక్కువ వేసిన 202 రకం కూడా అయస్కాంతానికి అంటుకోదు. 304లో క్రోమియం సుమారు 18 శాతం, నికెల్ సుమారు 8 శాతం ఉంటాయి, ఆ తేడా ధరలోనూ, ఏడాది తర్వాత చారు గిన్నె అడుగులోనూ కనపడుతుంది. బిల్లు మీద గ్రేడు రాసిమ్మంటే కుర్రాడు నసిగాడు, పెద్దాయన వచ్చి అతన్ని కసిరి, 304 అరలోంచి వేరేవి తీయించి బిల్లులో రాసిచ్చారు. అన్నట్టు ఎంత మంచి స్టీలైనా చన్నీళ్ళలో రాళ్ళుప్పు వేసి వదిలేస్తే అడుగున సూదిమొనంత గుంటలు పడతాయి. నీళ్ళు మరిగాక వేసి కలపండి, చెన్నై బోరు నీళ్ళకి ఇది ఇంకా అవసరం.

గ్లాసులు కొనేటప్పుడు అంచు మీద గోరు పెట్టి చుట్టూ తిప్పి చూడండి. చవక రకాల్లో రేకుని బయటికి మడిచి వదిలేస్తారు, ఆ మడత పూర్తిగా మూసుకోదు. అందులో పాలు, సబ్బు చేరి నల్లటి జిగురు తయారవుతుంది, కడిగి బోర్లించాక కూడా సందులోంచి చుక్కలు కారుతుంటాయి. ఇక్కడే రెండు రకాలూ పక్కపక్కనే పెట్టారు, ధరలో తేడా కొద్దిగానే.

మెలమిన్ ప్లేట్లు కూడా ఉన్నాయి, కానీ మైక్రోవేవ్‌లో పెట్టొద్దని పెద్దాయనే చెప్పారు, అమ్మేవాడే అలా చెబితే ముచ్చటేసింది.

ఇక ఫిర్యాదులు. ఆన్‌లైన్ రేటుతో పోలిస్తే కుక్కర్‌కి రెండు మూడు వందలు ఎక్కువే పడింది, బేరం ఆడితే ఒక గరిటె ఇచ్చి సరిపెట్టారు. పాత్రల మీద పేరు చెక్కే ఆయన చెయ్యి చాలా స్పీడు, మా ఇంటిపేరులో ఒత్తు ఎగిరిపోయింది, మళ్ళీ చెక్కమంటే పక్కనే ఇరికించాడు. పేరు చెక్కాక మార్పిడి లేదు, అది ముందే చెప్పరు. ఆదివారం సెలవు.

స్పేర్లకి మాత్రం ఈ చుట్టుపక్కల ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు. ఏ కంపెనీ గాస్కెట్, వాల్వ్ కావాలన్నా ఆ కంపెనీ సీలు ఉన్న ప్యాకెట్‌లోనే ఇస్తారు, పాత హ్యాండిల్ స్క్రూలు అక్కడే బిగించి పెడతారు, దానికి డబ్బు తీసుకోరు. ఒకటిన్నర నుంచి మూడింటి దాకా పెద్దాయన భోజనానికి వెళ్తారు, ఆ టైమ్‌లో ఉండే కుర్రాడికి సైజులు సరిగ్గా తెలియవు, కాబట్టి పాత గాస్కెట్ వెంట తీసుకెళ్ళండి.