2023 లాంటి వానలు మామూలు తేడానా, అసాధారణమా?

ఒక్క ఏడాది చూసి తేల్చేయడం తొందరపాటే.

కొలత: వాతావరణ శాఖ లెక్కలో సగటుకు 19 శాతం అటూ ఇటూ ఉన్నా సాధారణమే. సగటు కంటే 60 శాతం, ఆపైన ఎక్కువైతే అత్యధికం.

కారణం: 2023 ఆగస్టు, 1901 తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడిన ఆగస్టు. ఎల్ నినో (పసిఫిక్ సముద్రం వేడెక్కి, తరచూ మన రుతుపవనాలను బలహీనపరిచే మార్పు) ఏడాది కాబట్టి కొంతవరకు సహజమే అనుకోవచ్చు. కానీ అంతకుముందు జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మి.మీ. కురిసింది! గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది. అలాంటప్పుడు ఇదీ మామూలేనని కొట్టిపారేయడం నాకు నచ్చదు.

ఖర్చు: మామూలే అనుకుంటే ఇప్పుడు పైసా ఖర్చుండదు, చెరువు కట్ట తెగితే ఊరే మునుగుతుంది. అసాధారణమనుకుంటే ముందే ఖర్చు.

విత్తనాలు ఎప్పుడు వేయాలో చూసుకునే రైతుకు పాత సగటు చాలు. చెరువు కట్ట, కల్వర్టు కట్టేవాళ్లు మాత్రం అసాధారణాన్నే లెక్కలోకి తీసుకోవాలి.