నాన్న చేతికి ఫిట్‌నెస్ బ్యాండ్, ఆరు నెలలు వాడాక నా రివ్యూ

మా నాన్నకి 71 ఏళ్ళు. రాజమండ్రిలో అమ్మా నాన్నా ఇద్దరే ఉంటారు, నేను హైదరాబాద్‌లో. రిటైరైన కొత్తలో రోజూ పొద్దున్నే గోదావరి గట్టు మీద నడిచేవారు, మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక అది తగ్గీ తగ్గీ చివరికి కుర్చీ, టీవీ, మంచం, అంతే. పైగా షుగర్. డాక్టర్ గారు నడవండి అంటారు, ఈయన సరేనంటారు, ఇంటికొచ్చాక మళ్ళీ మామూలే. సంక్రాంతికి వెళ్ళినప్పుడు రెండు వేల లోపు, రోజుకి ఎన్ని అడుగులు నడిచారో లెక్కపెట్టే బ్యాండ్ ఒకటి కొని చేతికి పెట్టి వచ్చా. కంపెనీ పేరు రాయట్లేదు, నేను చూసినంతలో ఈ రేటులో వచ్చేవన్నీ ఇంచుమించు ఒకేలా ఉన్నాయి, పెద్దవాళ్ళ కోసం కొనేటప్పుడు ఏం చూసుకోవాలో చెప్తే మీకు ఎక్కువ పనికొస్తుంది.

మొదటి వారంలోనే ఫోన్ చేసి "ఏమ్మా, ఇది పాడైనట్టుందే, రెండు రౌండ్లు వేసొస్తే తొమ్మిది వందలే చూపిస్తోంది" అన్నారు. నేను కూడా సెన్సర్ పోయిందనుకుని రిటర్న్ పెట్టబోయా. తర్వాత అమ్మ వీడియో కాల్‌లో ఆయన నడుస్తుంటే చూపించింది, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నడుస్తున్నారు! మన పెద్దవాళ్ళు చాలామంది అలాగే కదా నడిచేది. బ్యాండ్ మణికట్టు కదలికని బట్టే అడుగులు లెక్కేస్తుంది, చెయ్యి ఊగకపోతే దానికి సగం అడుగులు తెలియనే తెలియవు. కూరల సంచీ పట్టుకున్నా, మెట్ల దగ్గర రెయిలింగ్ పట్టుకున్నా, వాకర్‌తో నడిచినా ఇదే సమస్య. వాకర్ వాడేవాళ్ళకైతే ఫోన్ జేబులో పెట్టి దాంట్లో లెక్క చూసుకోవడమే మేలు. నాన్న మాత్రం లెక్క రావాలని చేతులు ఊపుతూ నడవడం అలవాటు చేసుకున్నారు, దాంతో నడుము కూడా కాస్త నిటారుగా వచ్చింది, వీడియోలో చూసి నాకైతే కళ్ళు చెమర్చాయి.

ఇంకోటి టార్గెట్. మాకొచ్చిన దాంట్లో ముందే రోజుకి 10,000 అడుగులు పెట్టి ఉంది. ఈ పదివేలు ఏ డాక్టరో చెప్పిన లెక్క అనుకునేదాన్ని, కాదు, 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మిషన్ ఒకటి అమ్మకానికి వచ్చింది, దాని పేరుకే "పదివేల అడుగుల మీటర్" అని అర్థం, అక్కణ్ణుంచి పాకింది. 2022లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చిన స్టడీ ప్రకారం 60 దాటినవాళ్ళకి రోజుకి 6,000 నుంచి 8,000 దాకా వెళ్ళేసరికే ఆయుష్షు విషయంలో వచ్చే లాభం చాలావరకు వచ్చేస్తోంది. నాన్న అప్పుడు నడిచేది 1,800. ఆయనకి పదివేలు చూపిస్తే రోజూ ఓడిపోయినట్టే కదా. అందుకే 2,500 పెట్టి, రెండు మూడు వారాలకోసారి ఐదొందలు పెంచుకుంటూ వచ్చాం, ఇప్పుడు 5,000 దాటుతున్నారు. దయచేసి కొన్న రోజే ఆ టార్గెట్ మార్చండి.

నిజంగా పనిచేసింది ఏంటంటే, రాత్రి ఎనిమిదింటికి ఆయన స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెడతారు, మేం అందరం చూసి ఏదో ఒకటి రాస్తాం. పని ఒత్తిడిలో నేను పది రోజులు గ్రూప్ చూడలేదు, ఆ పది రోజులూ అంకె కిందకి పడిపోయింది. అప్పట్నుంచి ఎంత పనున్నా ఎనిమిదిన్నరకి ఫోన్ చేసి "ఇవాళ ఎంత నాన్నా" అని అడుగుతున్నా. కాకినాడ మావయ్య కూడా చూసి ఒకటి కొనుక్కున్నారు. గంటసేపు కదలకపోతే చేతి మీద వైబ్రేట్ అవుతుంది, అది కూడా మంచి పనే చేస్తోంది, "లేవమంటోంది" అంటూ లేచి మొక్కలకి నీళ్ళు పోసి వస్తున్నారట.

ఇబ్బందులు కూడా చెప్పాలి. స్ట్రాప్ బక్కిల్ ఆయన వేళ్ళకి అస్సలు లొంగలేదు, రోజూ అమ్మే పెట్టేది, విడిగా వెల్క్రో స్ట్రాప్ కొన్నాక ఆ బాధ తీరింది. ఫోన్‌లో బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే బ్యాండ్ యాప్ ఆగిపోయి లెక్కలు ఎక్కట్లేదు, సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి మాత్రం అది తీసేయాలి. బీపీ కూడా చూపిస్తుంది కానీ దాన్ని నమ్మకండి, ఒకరోజు ఎక్కువ చూపించిందని రాత్రంతా నిద్రపోలేదు ఆయన, పొద్దున్న చేతికి పట్టీ కట్టే మిషన్‌తో చూస్తే మామూలుగానే ఉంది. మందుల సంగతి బ్యాండ్ చూసి అసలే మార్చకూడదు.

నడక ఒక్కటే చాలదు కూడా. 65 దాటినవాళ్ళు వారానికి 150 నిమిషాల నడకలాంటి వ్యాయామంతో పాటు, మూడు రోజులు బ్యాలెన్స్ కోసం, రెండు రోజులు కండరాల బలం కోసం కూడా చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) చెప్తోంది, పడిపోకుండా ఉండాలంటే అవే ముఖ్యం. ఇది బ్యాండ్‌కి తెలియదు. మేం ఆదివారం వీడియో కాల్‌లో కుర్చీ పరీక్ష పెడతాం, చేతులు గుండెకి అడ్డంగా కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్క. మొదట్లో 7, మొన్న 11. కుర్చీ గోడకి ఆనించండి, పక్కన ఎవరో ఒకరు ఉండాలి.

రేటింగ్ ఐదుకి నాలుగు. ఆ ఒకటి ఎందుకు తగ్గించానంటే, మేం తెలుగులో పెట్టే మెసేజ్‌లు బ్యాండ్ స్క్రీన్ మీద అన్నీ డబ్బాలు డబ్బాలుగా వస్తున్నాయి. "శభాష్ నాన్నా" అని నేను పెట్టింది గట్టు మీద నడుస్తూనే ఆయన చదువుకోవాలని నా కోరిక. అప్‌డేట్‌లో తెలుగు ఇస్తే ఆ ఒక్క స్టార్ కూడా వచ్చి వేస్తా.