కురుపాం మార్కెట్ ఊలు కొట్టు, ఒక రెండడుగుల తాబేలు

"వైజాగ్‌లో ఊలు కొట్టా? ఎవరు కొంటారే?" అని మా ఆయన నవ్వారు. నిజమే, మన ఊళ్లో స్వెట్టర్ బయటికి తీసేది అరకో లంబసింగో వెళ్లినప్పుడే. కానీ కొట్టు ఉంది. వన్‌టౌన్‌లో, కురుపాం మార్కెట్ దగ్గర ఒక సందులో. బోర్డు మీద అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి, ఆ చుట్టుపక్కల అడిగితే అందరూ ఊలు కొట్టు అనే చెప్తారు. మార్చి నుంచి ఇప్పటికి నాలుగుసార్లు వెళ్లాను, అందులో ఒకసారి కోపంగా వెళ్లాను, కాబట్టి రాసే అర్హత ఉందనుకుంటున్నా.

ముందు ఎందుకు వెళ్లానో చెప్పాలి. మా చెల్లెలి కూతురికి ఆరేళ్లు. సాగర్ నగర్ వైపు తీరంలో అటవీ శాఖ వాళ్లు ఆలివ్ రిడ్లీ తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదులుతుంటే పొద్దున్నే లేపి తీసుకెళ్లాం. అరచేతిలో పట్టేంత పిల్లలు, ఇసకలో పడుతూ లేస్తూ పోతున్నాయి. అన్నీ వెళ్లిపోయాక ఇది అడిగింది: "పెద్దమ్మా, వీటి అమ్మ ఎంతుంటుంది?" డొప్ప ఒక్కటే రెండడుగుల పైన ఉంటుందే అన్నాను. అంతే, అంత తాబేలు కావాలి, మెత్తగా ఉండాలి, పక్కన పడుకోబెట్టుకోవాలి అని పట్టు.

మొదట చేసిన తెలివితక్కువ పని ఆన్‌లైన్‌లో ఒక కిట్ తెప్పించడం. 1,899 రూపాయలు. బొమ్మలో బ్రహ్మాండంగా కనిపించే ఆ వెల్వెట్ ఊలు చేతిలోకి వచ్చాక కుట్టు కంటికి కనిపించదు, వేళ్లతో తడుముకుంటూ అల్లాలి, తప్పు పోయి విప్పితే మెరుపు పోగులన్నీ రాలి లోపలి దారం బోడిగా మిగిలింది. పైగా అందులో వచ్చిన ఊలుతో అయ్యేది జానెడు బొమ్మ. ఆ పెట్టె ఇప్పటికీ అటక మీదే ఉంది.

ఇక కొట్టు. లోపల ఇద్దరు నిలబడితే మూడో మనిషి మెట్టు మీదే ఆగాలి. గోడల నిండా అరలు, అరల నిండా ఊలు ఉండలు, నడుమ ఒక పెద్దాయన.

"ఏటమ్మా, ఏటి కావాల?"

"ఆలివ్ గ్రీన్ ఊలు కావాలి బాబాయ్ గారూ."

"స్వెట్టరా? ఎవరికి?"

"స్వెట్టర్ కాదండీ, తాబేలు."

ఆయన నవ్వలేదు. "ఎంత తాబేలు?" అన్నారు. నాకు అక్కడే నచ్చేశారు.

తర్వాత ఆయన అడిగినవి ఏ వెబ్‌సైటూ నన్ను అడగలేదు. ఇంట్లో పాకే పిల్లలున్నారా, దీన్ని ఉతుకుతారా, సూది ఏ నంబరు అని. సూది దగ్గర నన్ను పెద్ద గోతిలో పడకుండా కాపాడారు. నేను ఒక అమెరికా అల్లిక నమూనా చూసి 8వ నంబరు అని రాసుకెళ్లాను. వాళ్ల 8 అంటే 5 మిల్లీమీటర్లు. మన కొట్లలో పాత ఇంగ్లండ్ లెక్క, నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, ఇక్కడి 8 అంటే 4 మిల్లీమీటర్లే, 5 కావాలంటే 6వ నంబరు అడగాలి. ఊలు మీద కూడా ఖరీదైనది అంటగట్టలేదు. "గుంటలు లాక్కుని పీక్కునే బొమ్మకి యాక్రిలిక్కే మేలమ్మా, ఉతికినా ఏటీ అవదు, ఇస్త్రీ మాత్రం పెట్టకు" అన్నారు. రెండు పోగులు కలిపి అల్లమన్నారు, ఒత్తుగా వస్తుందట. మామూలుగా ఇలా రెండు పోగులకి ఇంకా లావు సూది వాడతారు కానీ బొమ్మకి కావాలనే సన్నది తీసుకోవాలి, లేకపోతే కుట్ల సందుల్లోంచి లోపలి దూది తొంగి చూస్తుంది.

నాకు 10 సెంటీమీటర్లకి 16 కుట్లు వచ్చాయి. డొప్ప వెడల్పు 60 సెంటీమీటర్లు, అంటే మధ్యలో 96 కుట్లు. రెండు వైపులా ఉత్త నిట్టే (మామూలు కుట్టు), పర్ల్ (తిరగేసి వేసే కుట్టు) జోలికి పోలేదు. అల్లడం కష్టం కాదు, ఎండాకాలంలో ఒళ్లో పెట్టుకుని అల్లడం కష్టం! ఏప్రిల్ నెలలో, వైజాగ్ ఉక్కలో, సగం అయిన డొప్ప ఒళ్లో ఉంటే రగ్గు కప్పుకుని కూర్చున్నట్టే. చెమట చేతులకి యాక్రిలిక్ సూది మీద జరగనే జరగదు. ఫ్యాన్ కింద, తెల్లవారుజామున, ఒక గిన్నెలో పౌడరు పెట్టుకుని అల్లాను. తీగ ఉన్న సర్క్యులర్ సూది తీసుకోవడం మంచిదైంది, బరువంతా తీగ మీదే ఉండి మణికట్లు బతికిపోయాయి.

ఇప్పుడు కోపం సంగతి. ఆయన ఆకుపచ్చ ఆరు ఉండలు తీసుకోమన్నారు. నేను ఐదు చాలన్నాను (నా తప్పే, ఒప్పుకుంటున్నా). "సరే, అదే లాట్‌ది ఒకటి పక్కన పెడతాను, కావాలంటే వచ్చి పట్టుకెళ్లు" అని మాటిచ్చారు (లాట్ అంటే ఒకే విడతలో రంగు వేసిన ఊలు). వెనక కాలు ఒకటి అయ్యి రెండోది మొదలెట్టగానే ఊలు అయిపోయింది. ఎంవీపీ కాలనీ నుంచి మిట్టమధ్యాహ్నం ఎండలో పడి వెళ్తే కొట్టు మూసి ఉంది. భోజనానికి వెళ్తే నాలుగింటికి గానీ తీయరట. నాలుగింటి దాకా కూర్చుంటే, కొట్లో కుర్రాడు ఆ ఉండ ఎవరికో అమ్మేశాడని చెప్పారు. కొత్త లాట్ ఉండ చేతిలో పెట్టారు. లేబుల్ మీద రంగు నంబరు అదే, లాట్ నంబరు వేరు. కొట్టు లైటులో తేడా లేదు, బయట ఎండలో పెట్టి చూస్తే ఒకటి ఆలివ్, ఒకటి బురద. పెద్దాయన నొచ్చుకున్నారు, డబ్బులు వద్దన్నారు. ఇచ్చే వచ్చాను. ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు.

ఇంటికొచ్చాక తట్టింది, ఎలాగూ రెండు పోగులు కదా! అయిన వెనక కాలు కూడా విప్పేసి, ఆ పాత ఊలు ఒక పోగు, కొత్తది ఒక పోగు కలిపి రెండు కాళ్లూ మళ్లీ అల్లాను. జతగా ఉన్నాయి కాబట్టి కావాలనే ఆ రంగు వేశాననుకుంటున్నారు చూసినవాళ్లు. ఒంటి పోగుతో అల్లి ఉంటే దొరికిపోయేదాన్ని.

లోపల నింపడానికి మా అమ్మ బూరుగు దూది అంది. పాత దిండ్ల మెత్తదనం దానిదేగా. బాబాయ్ గారు వద్దన్నారు, తడిస్తే గడ్డకడుతుంది, మన సముద్రపు గాలిలో ఎప్పటికి ఆరుతుంది అని. ఫైబర్ దూది ఆయన దగ్గర లేదు, అయినా పక్క సందులో పరుపుల కొట్టుకి కుర్రాడినిచ్చి పంపారు. అల్లిక సాగుతుందని భయపడి పాత నూలు చీరతో అదే కొలతకి సంచి కుట్టి, అందులో కిలోంబావు కూరాను, మూలలకి అట్లకాడ వెనక వైపు పనికొచ్చింది. పొట్ట కింద గుండీలు. సంచి లాగేసి పైతొడుగు ఒక్కటే ఉతకొచ్చు.

కళ్లకి నల్ల ప్లాస్టిక్ గుండ్లు కొట్లో ఉన్నాయి, వెనక బిళ్ల బిగించేవి. మా చెల్లికి పది నెలల బాబు కూడా ఉన్నాడంటే అవి నాకు అమ్మలేదు! నల్ల ఊలుతో కుట్టేశాను. డొప్ప మీద పలకల గీతలకి ముదురు రంగుతో గొలుసు కుట్టు వేశా. అక్కడ లెక్క తప్పి ఎడమ వైపు ఆరు, కుడి వైపు ఏడు పలకలు వచ్చాయి. విప్పే ఓపిక లేక పుస్తకం తీసి చూస్తే, ఆలివ్ రిడ్లీకి అలా రెండు వైపులా ఒకే లెక్క ఉండకపోవడం మామూలేనట. చిన్నది వేలు పెట్టి లెక్కపెట్టి మరీ అడిగింది, పుస్తకం చూపించాను.

ఖర్చు: ఊలు ఉండ వంద గ్రాములు 95 రూపాయలు, మొత్తం పది ఉండలు, అంటే ఆకుపచ్చ ఆరు, పొట్టకి క్రీమ్ రంగు నాలుగు. సూది 220, దూది 300. కిట్ కంటే నాలుగు వందలు తక్కువే అయింది.

ఐదుకి నాలుగు ఇస్తా. పోయిన ఒకటి ఆ పక్కన పెట్టని ఉండకి. బండి లోపలికి తీసుకెళ్లకండి, ఆ సందులో తిప్పలేరు. ఫోన్‌తో డబ్బు తీసుకుంటారు, కార్డు తీసుకోరు. పొద్దున పదకొండుకి వెళ్తే తీరిగ్గా మాట్లాడతారు. మెత్తటి ఖరీదైన ఊలూ, వెదురు సూదులూ కావాలంటే ఇక్కడ దొరకవు. విప్పని ఉండ నెలలోపు తిరిగి తీసుకుంటారు, లేబుల్ చింపకండి. క్రీమ్‌ది ఒకటి నా దగ్గర అలాగే ఉంది, సోమవారం ఇచ్చేసి రావాలి. చిన్నది కూడా వస్తానంటోంది, తాబేలుతో సహా. ఆటోకి ఎంతడుగుతాడో మరి.