తలుపు దగ్గర పోయే నిమిషాలు: బీఆర్‌టీ బస్సు సేవల మీద రివ్యూ

సిటీ బస్సు ఎందుకు ఆలస్యమవుతుందంటే ఎవరైనా ట్రాఫిక్ పేరే చెబుతారు. అది సగం సంగతి. మిగతా సగం బస్సు నిలబడి ఉన్నప్పుడు జరుగుతుంది. స్టాపులో జనం ఎక్కి దిగేదాకా, సిగ్నల్ పచ్చబడేదాకా, ముందున్న బస్సు కదిలేదాకా అది ఆగాల్సిందే. బీఆర్‌టీఎస్ అని మనం పిలుచుకునే బస్ ర్యాపిడ్ ట్రాన్సిట్, అంటే బస్సులకు వేరే లేన్, వేరే స్టేషన్లు ఇచ్చే పద్ధతి, ఈ మూడు నష్టాలనూ తగ్గిస్తానంటుంది. అందుకే ఈ రివ్యూలో దాన్ని ఆ మూడు చోట్లే పరీక్షించాం. లేన్ ఎన్ని కిలోమీటర్లు వేశారు, బస్సు ఏసీయా నాన్ ఏసీయా అన్నవి తర్వాతి మాటలు.

మొదట తలుపు లెక్క చూద్దాం. మామూలు సిటీ బస్సు తీసుకోండి. టికెట్ బస్సులోనే కొనాలి, మెట్లెక్కాలి, ఎక్కడానికి ఒకే తలుపు ఉంది. మనిషికి మూడు సెకన్లు పడుతుందనుకుంటే ఇరవై మంది ఎక్కడానికి నిమిషం. దారిలో ఇలాంటి స్టాపులు ఇరవై ఉంటే, ఎదురుగా రోడ్డంతా ఖాళీగా ఉన్నా ఇరవై నిమిషాలు పోయినట్టే. అదే ఇరవై మంది స్టేషన్ గేటు దగ్గరే టికెట్ పని ముగించుకుని, బస్సు ఫ్లోర్‌తో సమానమైన ప్లాట్‌ఫాం మీద, నాలుగు వెడల్పాటి తలుపుల ముందు సిద్ధంగా ఉంటే పది సెకన్లలో లోపల ఉంటారు. మొత్తం దారికి మూడున్నర నిమిషాల లోపే. ఈ ఆదా ప్రత్యేక లేన్ ఒక్కటే వేస్తే రాదు. అయినా చాలా నగరాలు డబ్బూ గొడవా అంతా లేన్ మీదే పెట్టి, స్టేషన్ దగ్గరికి వచ్చేసరికి ఒక షెడ్డు వేసి ఊరుకుంటాయి.

ఈ విషయాన్ని అందరికంటే ముందు పట్టుకున్నది బ్రెజిల్‌లోని కురిటీబా. 1974లోనే అక్కడ బస్సులకు వేరే దారి వేశారు. గాజు గొట్టాల్లాంటి స్టేషన్లు 1991లో వచ్చాయి. ఆర్కిటెక్టు జైమె లెర్నర్ అప్పుడు మేయరు. గొట్టం ఒక చివర టికెట్ తీసుకుని లోపలికి వెళ్తే నేల బస్సు ఎత్తులోనే ఉంటుంది. డ్రైవరు బస్సును స్టేషన్ మీది గుర్తుకు సరిగ్గా ఎదురుగా ఆపుతాడు. బస్సు తలుపూ స్టేషన్ తలుపూ కలిసి తెరుచుకుంటాయి. బస్సు తలుపు దగ్గరుండే రేకు మడత విప్పుకుని ప్లాట్‌ఫాం మీద వాలుతుంది. ఆ రేకు ఈ సేవకు ప్రాణం. బస్సు కొంచెం దూరంగా ఆగినా అది సందును కప్పేస్తుంది కాబట్టి డ్రైవరు అంచుకు రాసుకుంటూ రావాల్సిన పని లేదు.

రేకు లేని చోట సందు పది సెంటీమీటర్లు దాటితే వీల్‌చెయిర్ ముందు చక్రం అందులో పడుతుంది. పిల్లల చెయ్యి పట్టుకున్న తల్లి ఆగి, చూసి, అడుగు వేస్తుంది. ఆమె వెనకున్న వాళ్లంతా ఆగుతారు. సందు ఎందుకు పెరుగుతుందంటే కారణాలు మామూలువే. బస్సు గీసుకుపోతే తన మీద పడుతుందని డ్రైవరు దూరంగా ఆపుతాడు. స్టేషన్‌ను వంపులో కడితే పొడవాటి బస్సు ముందు తలుపు దగ్గరగా, వెనక తలుపు దూరంగా ఉంటాయి. ఒకే చోట బ్రేకు పడీ పడీ తారు రోడ్డు కుంగితే బస్సు ఎత్తు కూడా తగ్గుతుంది. కాబట్టి స్టేషన్ తిన్నని చోట ఉండాలి, దాని ముందు బస్సు తిన్నగా సర్దుకోవడానికి కనీసం ఒక బస్సు పొడవంత జాగా ఉండాలి, చక్రాల కింద కాంక్రీటు ఉండాలి, అంచుకు రబ్బరు ఉండాలి. తక్కువ ఎత్తు బస్సులైతే జర్మనీలో పుట్టిన కాసెల్ కర్బ్ అనే ఫుట్‌పాత్ అంచు రాయి మంచి ఉపాయం. దాని అంచు లోపలికి వంపు తిరిగి ఉంటుంది. టైరు దానికి ఆనుకుని జారుతూ తనంతట తానే సరైన చోటికి చేరుతుంది.

ప్లాట్‌ఫాం ఎత్తు ఒకసారి తీసుకుంటే మళ్లీ మార్చలేని నిర్ణయం. జకార్తాలో 2004లో మొదలైన ట్రాన్స్‌జకార్తా 110 సెంటీమీటర్ల ఎత్తు ప్లాట్‌ఫాంలు ఎంచుకుంది. కారిడార్, అంటే బస్సుల ప్రత్యేక దారి, లోపల ఎక్కడం దిగడం హాయిగానే ఉంటుంది. కానీ ఆ బస్సు కారిడార్ దాటి మామూలు వీధిలోకి వెళ్తే ఫుట్‌పాత్ నుంచి దానిలోకి ఎవరూ ఎక్కలేరు. చివరికి వీధుల కోసం తక్కువ ఎత్తు బస్సులు వేరేగా దించాల్సి వచ్చింది. కొత్తగా మొదలుపెట్టే నగరానికి మా సలహా తక్కువ ఎత్తే. చక్రాల మీద సీట్లు కొన్ని పోతాయి, పోనివ్వండి.

తలుపు బస్సుకు ఏ వైపు ఉండాలన్నది ఇంకో చిక్కు. ఇస్తాంబుల్ దాన్ని తనదైన రకంగా విప్పింది. 2007లో మొదలైన మెట్రోబస్ హైవే మధ్యలో నడుస్తుంది. రెండు దిశలకూ కలిపి మధ్యలో ఒకే ప్లాట్‌ఫాం కడితే స్థలం కలిసొస్తుంది, కానీ అప్పుడు తలుపులు బస్సుకు రెండో వైపు ఉండాలి. వాళ్లు బస్సులు మార్చలేదు, దారి మార్చారు. లేన్ పూర్తిగా కంచె లోపల ఉంది కాబట్టి దారిలో చాలా భాగం బస్సులను ఎదురు దిశలో, అంటే ఆ దేశపు రోడ్డు రూలుకు తిరగేసి నడుపుతున్నారు. మామూలు తలుపున్న మామూలు బస్సే మధ్య ప్లాట్‌ఫాంకు సరిపోయింది. రాత్రంతా నడుస్తుంది, బాస్ఫరస్ వంతెన దాటి రెండు ఖండాలను కలుపుతుంది. లోపం ఏమిటంటే, హైవే మధ్యలో ఉన్న స్టేషన్‌కు చేరాలంటే చాలా చోట్ల పాదచారుల వంతెనే దిక్కు. రద్దీ వేళ ఆ వంతెన మీద పోయే సమయాన్ని ఏ టైంటేబులూ లెక్కలోకి తీసుకోదు.

అహ్మదాబాద్ జనమార్గ్ 2009లో మొదలైనప్పుడు మధ్య స్టేషన్ల కోసం కుడివైపు తలుపున్న బస్సులే తెచ్చుకుంది. స్టేషన్లోనే టికెట్, సమానమైన నేల. తలుపు పరీక్షలో ఇది నెగ్గుతుంది.

ఇక కూడలి. ఢిల్లీ కారిడార్ ఇక్కడే ఓడిపోయింది. అంబేడ్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ వరకు 5.8 కిలోమీటర్లు, 2008లో తెరిచారు. బస్సులు రోడ్డు మధ్యలో, స్టాపులు సరిగ్గా కూడళ్ల ముందు. మధ్య లేన్‌లో నేరుగా వెళ్లే బస్సుకు, దాని పక్క లేన్ నుంచి కుడికి తిరిగే కారు అడ్డం వస్తుంది. రెండింటినీ ఒకేసారి వదలలేరు, కాబట్టి సిగ్నల్‌లో ఒక విడత అదనంగా కావాలి. అడ్డరోడ్డు కుడి మలుపుకు ఇంకొకటి. విడతలు పెరిగేకొద్దీ సిగ్నల్ చుట్టు, అంటే అన్ని విడతలూ ఒకసారి పూర్తయ్యే కాలం, పొడవవుతుంది, ఎరుపులో గడిపే కాలం అంతకంటే వేగంగా పెరుగుతుంది.

దీన్ని కాగితం మీద లెక్కేసి చూడొచ్చు. బస్సులు ఎప్పుడు పడితే అప్పుడు వస్తాయనుకుంటే, సగటు ఆగుడు సమయం ఎరుపు కాలం వర్గాన్ని చుట్టు కాలానికి రెట్టింపుతో భాగిస్తే వస్తుంది. రెండే విడతలు, 90 సెకన్ల చుట్టు, బస్సుకు 40 సెకన్ల పచ్చ అయితే ఎరుపు 50. సగటు ఆగుడు 14 సెకన్లు. నాలుగు విడతలతో చుట్టు 180 సెకన్లై, పచ్చ అదే 40 ఉంటే ఎరుపు 140. సగటు 54 సెకన్లు. దారిలో పది కూడళ్లుంటే మొదటి పద్ధతిలో రెండు నిమిషాల ఇరవై సెకన్లు పోతాయి, రెండో దాంట్లో తొమ్మిది నిమిషాలు. బస్సూ అదే, లేనూ అదే.

దీనికి మందు కుడి మలుపు తీసేయడం. కుడికి వెళ్లాల్సిన కారు కూడలి దాటి ముందు యూటర్న్ తీసుకోవాలి, లేదా ఎడమ పక్క వీధుల్లోంచి చుట్టి రావాలి. కార్ల వాళ్లకు కొంచెం దూరం పెరుగుతుంది, సిగ్నల్ చిన్నది కావడంతో వాళ్ల నిరీక్షణ కూడా తగ్గుతుంది. కురిటీబా దీన్ని రోడ్ల అమరికలోనే కలిపేసింది. మధ్య రోడ్డు బస్సులకూ, పక్క దుకాణాలకు వెళ్లే నెమ్మది బండ్లకూ. వేగంగా పోవాల్సిన కార్లకు చెరో వైపు ఒక వీధి అవతల వన్‌వేలు.

స్టాపు చోటు కూడా ఢిల్లీలో దెబ్బతీసింది. కూడలికి ఆనుకుని స్టాపు ఉంటే జనాన్ని ఎక్కించుకున్న బస్సు ఎరుపు పడ్డాక అక్కడే నిలుస్తుంది, స్టాపు ఖాళీ కాదు, వెనక బస్సు తలుపు తెరవలేదు. కూడలికీ స్టేషన్‌కీ మధ్య కనీసం రెండు పొడవు బస్సులు నిలిచేంత జాగా వదలాలి. రెండు పెట్టెలు కలిపిన ఆర్టిక్యులేటెడ్ బస్సు ఒక్కోటి 18 మీటర్లు, అంటే నలభై మీటర్లు అట్టిపెట్టుకోవాలి. బస్సు లేన్‌లోకి కార్లను అనుమతించాలన్న పిటిషన్‌ను ఢిల్లీ హైకోర్టు 2012లో కొట్టేసింది. కోర్టులో గెలిచినా కారిడార్ నిలబడలేదు. 2016లో కూల్చివేత మొదలైంది. అది కార్ల వాళ్ల ఒత్తిడికే పోయిందని చాలామంది అంటారు. ఒత్తిడి నిజమే. కానీ బస్సులో ఉన్నవాళ్లకే సిగ్నల్ దగ్గర విసుగు పుట్టించిన డిజైన్‌ను కాపాడటానికి వీధిలోకి ఎవరొస్తారు?

మూడో నష్టం బస్సు వెనక బస్సు. ఒక బే (స్టేషన్‌లో ఒక బస్సు ఆగే చోటు) దగ్గర ఒక బస్సు ఆగి, ఎక్కించుకుని, పూర్తిగా తప్పుకోవడానికి 30 సెకన్లనుకుంటే గంటకు 120 బస్సులు పట్టాలి. అలా జరగదు. బస్సులు సమానమైన ఎడంతో రావు కాబట్టి బే 40 శాతం కంటే ఎక్కువ సమయం నిండి ఉంటే వెనక క్యూ మొదలవుతుంది. అంటే గంటకు 48 బస్సులే. 160 మంది పట్టే బస్సులైనా ఎనిమిది వేల మందిని దాటవు. ఈ గోడను పగలగొట్టింది కొలంబియా రాజధాని బొగోటా. ఎన్రికే పెన్యాలోసా మేయరుగా ఉండగా 2000 డిసెంబరులో మొదలైన ట్రాన్స్‌మిలేనియో స్టేషన్ దగ్గర ప్రతి దిశకూ రెండో లేన్ ఇచ్చింది. ఒక స్టేషన్‌లో అనేక బేలు, ఆగని ఎక్స్‌ప్రెస్‌లు ఆగిన బస్సులను దాటి వెళ్లిపోతాయి. అక్కడి అవెనిదా కరాకస్ అనే రోడ్డు మీద రద్దీ వేళ ఒక దిశలో గంటకు నలభై వేల మందికి పైగా వెళ్తారు. చాలా మెట్రో లైన్లు అంత మందిని మోయవు. చైనాలోని గ్వాంగ్‌జౌ 2010లో ఇదే పద్ధతి తీసుకుని, అదే బస్సు కారిడార్ దాటి వీధుల్లోకి వెళ్లేలా నడిపింది. బస్సు మారే పని తప్పడం ప్రయాణికుడికి అన్నిటికంటే పెద్ద మేలు. మా మార్కుల్లో గ్వాంగ్‌జౌకే మొదటి స్థానం.

బొగోటాకు ఎందుకు ఇవ్వలేదంటే కిక్కిరిసిన జనం. తలుపులో మనుషులు ఇరుక్కుని నిలబడితే పది సెకన్ల ఆగుడు ముప్పై అవుతుంది, ముందు చెప్పిన లెక్కంతా తిరగబడుతుంది. స్టేషన్ గాజు తలుపులు చెడిపోతే టికెట్ లేనివాళ్లు రోడ్డు మీంచే లోపలికి ఎక్కేస్తారు. రోడ్డు కూడా ఏడిపించింది. తెరిచిన కొద్దికాలానికే కాంక్రీటు పలకలు పగిలాయి. పలకల కింద గట్టి పునాదికి బదులు పోతపోసే పలుచని నింపుడు వాడారు. బరువైన బస్సులు ఒకే గాడిలో రోజంతా పోతుంటే పలక కిందికి చేరిన నీరు మట్టిని బయటికి చిమ్ముతుంది, కింద ఖాళీ ఏర్పడుతుంది, పలక విరుగుతుంది. పైన కనిపించే కాంక్రీటు మందం కంటే కింద నీరు పోయే దారి ముఖ్యం.

కానీ కాంట్రాక్టు విషయంలో బొగోటాది మంచి పాఠం. అంతకుముందు డ్రైవరు సంపాదన ఎక్కించుకున్న తలలను బట్టి ఉండేది. ఒక్కో ప్రయాణికుడి కోసం బస్సులు పోటీపడి పరిగెత్తేవి. ఊళ్లో దాన్ని పైసా యుద్ధం అనేవారు. కొత్త ఏర్పాటులో ఆపరేటరుకు ప్రధానంగా నడిపిన కిలోమీటర్ల లెక్కన చెల్లించారు, దాంతో ఆ పోటీ కారిడార్‌లో ఆగింది. ఇలాంటి కాంట్రాక్టులో స్టాపు వదిలేసినా, తలుపు సరిగా ఆనకపోయినా కోత ఉండాలి. లేదంటే ఖాళీ బస్సు తిప్పడమే లాభసాటి అవుతుంది.

మీ ఊరి బీఆర్‌టీ ఎలా ఉందో తెలుసుకోవడానికి రద్దీ వేళ ఒక గంట, ఒక చేతి గడియారం, ఒక స్కేలు చాలు. ఒకే రూటులో వరసగా పది బస్సులు చూడండి. తలుపు తెరిచినప్పటి నుంచి మూసేదాకా ఎన్ని సెకన్లు, మూశాక కదలడానికి ఎన్ని సెకన్లు, విడివిడిగా రాయండి. మొదటిది ఎక్కువైతే తప్పు టికెట్‌లోనో తలుపుల సంఖ్యలోనో ఉంది. రెండోది ఎక్కువైతే సిగ్నల్‌లోనో ముందు బస్సులోనో ఉంది. వెనక తలుపు దగ్గర సందు కొలవండి, ముందు తలుపు దగ్గర కొలిస్తే నిజం తెలియదు. బస్సు బస్సుకీ ఎడం రాయండి. నాలుగు నిమిషాలకొకటి సమంగా వస్తే సగటున రెండు నిమిషాలు వేచి ఉంటారు. అవే బస్సులు జంటగా ఎనిమిది నిమిషాలకోసారి వస్తే నాలుగు నిమిషాలు, పైగా మొదటిది నిండుగా, రెండోది ఖాళీగా ఉంటుంది. జంటలు ఎక్కువగా కనిపిస్తే అడగాల్సింది కొత్త బస్సులు కావు. దారి మధ్యలో ఒకటి రెండు స్టేషన్ల దగ్గర తొందరగా వచ్చిన బస్సును అరనిమిషం ఆపి వదిలే కంట్రోలర్‌ను పెట్టమని అడగండి.