సీపీసీనా, సీసీఎస్సా, ఉత్త కోచింగా? మెడికల్ కోడింగ్‌లోకి వచ్చేవాళ్లకు ఏది మేలు

బీఎస్సీ, బీఫార్మసీ, నర్సింగ్, ఫిజియోథెరపీ చేసి మెడికల్ కోడింగ్ (అమెరికా ఆసుపత్రుల బిల్లుల కోసం జబ్బులనూ చికిత్సలనూ కోడ్లుగా మార్చే పని) వైపు చూసేవాళ్లకు హైదరాబాద్‌లో మూడు దారులు కనిపిస్తాయి. అమీర్‌పేటలో రెండు మూడు నెలలు కోచింగ్ తీసుకుని సర్టిఫికెట్ లేకుండానే ట్రైనీగా చేరడం ఒకటి. అమెరికా కోడర్ల సంస్థ ఏఏపీసీ వాళ్ల సీపీసీ (సర్టిఫైడ్ ప్రొఫెషనల్ కోడర్) పరీక్ష రాయడం రెండోది. అమెరికాలోనే ఆరోగ్య రికార్డుల నిర్వహణ చూసే సంస్థ అహిమా వాళ్ల సీసీఎస్ (సర్టిఫైడ్ కోడింగ్ స్పెషలిస్ట్) పరీక్ష రాయడం మూడోది. నా సలహా ముందే చెప్పేస్తాను: ఫ్రెషర్‌కు సీపీసీ మేలు, ఐపీ (ఆసుపత్రిలో అడ్మిట్ అయిన పేషెంట్ల) చార్టులు కనీసం ఏడాది చూసినవాళ్లకు సీసీఎస్ మేలు. ఉత్త కోచింగ్ పునాది వేసుకోవడానికే తప్ప అక్కడితో ఆగిపోకూడదు.

సీపీసీకీ సీసీఎస్‌కీ తేడా పరీక్ష కష్టంలో కన్నా పనిలోనే ఎక్కువ. ఒక పేషెంట్‌కు ల్యాప్రోస్కోపీతో పిత్తాశయం తీసేశారనుకోండి. సర్జన్ బిల్లుకు సీపీటీ (డాక్టర్లు చేసే పనులకు వాడే అమెరికా కోడ్ల జాబితా) కోడ్ 47562, ఐదంకెలతో పని అయిపోతుంది. అదే పేషెంట్ అమెరికా ఆసుపత్రిలో ఇన్‌పేషెంట్‌గా అడ్మిట్ అయి ఉంటే, ఆసుపత్రి బిల్లుకు ఐసీడీ-10-పీసీఎస్ (అడ్మిట్ అయినవాళ్లకు చేసే చికిత్సా ప్రక్రియల కోడ్లు)లో 0ఎఫ్‌టీ44జెడ్‌జెడ్ కట్టాలి. ఇక్కడ కోడ్ వెతకడం ఉండదు, ఏడు స్థానాలు ఒక్కొక్కటిగా నింపడమే. సున్నా అంటే సర్జరీ విభాగం, ఎఫ్ అంటే కాలేయం-పిత్త వ్యవస్థ, టీ అంటే రిసెక్షన్ (అవయవం మొత్తం తీసేయడం), తర్వాతి 4 పిత్తాశయం, దాని పక్క 4 ల్యాప్రోస్కోపీ మార్గం, చివరి రెండు జెడ్‌లు పరికరం, అదనపు వివరం ఏవీ లేవని. అవయవంలో కొంత భాగమే కోసి తీస్తే టీ స్థానంలో బీ, అంటే ఎక్సిషన్ వస్తుంది. సర్జన్ నోట్‌లో ‘ఎక్సిషన్’ అని రాసినా అవయవం మొత్తం తీసి ఉంటే కోడర్ వేయాల్సింది టీనే. పీసీఎస్ నిర్వచనాలను డాక్టర్ పాటించనక్కర్లేదు, కోడర్ పాటించి తీరాలి. సర్జరీ విభాగంలో ఇలాంటి రూట్ ఆపరేషన్లు 31 ఉన్నాయి. ఇవి నోటికి రాకుండా సీసీఎస్‌కు కూర్చోవద్దు.

డయాగ్నసిస్ దగ్గరా అంతే తేడా. ఓపీ నోట్‌లో ‘ప్రాబబుల్ న్యుమోనియా’ అని ఉంటే న్యుమోనియా కోడ్ వేయకూడదు. నోట్‌లో ఉన్న దగ్గుకూ జ్వరానికీ మాత్రమే కోడ్ వేయాలి. అదే మాట ఐపీ డిశ్చార్జ్ సమ్మరీలో చివరి డయాగ్నసిస్‌గా ఉంటే న్యుమోనియా కోడ్ జే18.9 వేయాల్సిందే. ఓపీ నుంచి ఐపీకి మారిన కొత్తలో ఎక్కువ తప్పులు పడేది ఇక్కడే.

ఇప్పుడు సీపీసీ సంగతి. 100 ప్రశ్నలు, 4 గంటలు, 70 కరెక్ట్ అయితే పాస్. ప్రశ్నకు 2 నిమిషాల 24 సెకన్లు. సీపీటీ, ఐసీడీ-10-సీఎం (జబ్బుల కోడ్లు), హెచ్‌సీపీసీఎస్ (మందులు, పరికరాల వంటి వాటి కోడ్లు) పుస్తకాలు దగ్గర పెట్టుకునే రాస్తారు. కానీ పుస్తకం ఉందన్న ధీమాతోనే చాలామంది బోల్తా పడతారు. ప్రతి కోడూ తిరగేస్తూ కూర్చుంటే 60 ప్రశ్నల దగ్గరే సమయం అయిపోతుంది. ముందు నాలుగు ఆప్షన్లు చూసి, వాటి మధ్య తేడా ఏ కోడ్‌లో, ఏ మాడిఫయర్‌లో (కోడ్ చివర తగిలించే రెండు స్థానాల గుర్తులో) ఉందో పట్టుకుని ఆ ఒక్కటే పుస్తకంలో చూడాలి. 10,000 నుంచి 60,000 వరకు ఆరు సర్జరీ సిరీస్‌ల నుంచే, సిరీస్‌కు ఆరు చొప్పున 36 ప్రశ్నలు వస్తాయి. కాబట్టి ప్రతి సిరీస్ మొదట్లో ఉండే గైడ్‌లైన్స్‌నూ, కోడ్ కింద బ్రాకెట్లలో ఉండే నోట్స్‌నూ హైలైటర్‌తో గుర్తు పెట్టుకోండి. పుస్తకంలో రోజువారీ కోడింగ్‌కు సంబంధించిన చేతిరాత నోట్సు ఉండొచ్చు, పేజీ గుర్తుకు ట్యాబ్‌లు ఉండొచ్చు. విడి కాగితాలు అతికిస్తే మాత్రం ఒప్పుకోరు.

ఎలాంటి చోట మార్కులు పోతాయో కొలనోస్కోపీలో చూడండి. ఉత్త పరీక్షకు 45378, బయాప్సీ తీస్తే 45380, స్నేర్‌తో (తీగ ఉచ్చుతో) పాలిప్ (పేగు లోపల పెరిగిన చిన్న కండ) తీస్తే 45385. ఒక పాలిప్‌ను స్నేర్‌తో తీసి, వేరే చోట ఉన్న ఇంకో లీజన్ (తేడాగా కనిపించే భాగం) నుంచి బయాప్సీ తీస్తే 45385తో పాటు 45380కి మాడిఫయర్ 59 (ఇది విడిగా చేసిన పని అని చెప్పే గుర్తు) తగిలించి వేయాలి. బయాప్సీ తీసిన పాలిప్‌నే తర్వాత స్నేర్‌తో తీసేస్తే 45385 ఒక్కటే. 45378 ఈ రెండు సందర్భాల్లోనూ రాదు, అది పెద్ద కోడ్‌లోనే కలిసి ఉంటుంది. ఆపరేషన్ నోట్‌లో ఏ లీజన్ ఎక్కడుందో చదవకుండా కోడ్లు పేర్చేవాళ్లు పరీక్షలోనూ తప్పుతారు, ఉద్యోగంలో ఆడిట్‌లోనూ దొరికిపోతారు.

సీపీసీకి ఒక మెలిక ఉంది. అనుభవం లేకుండా పాసైతే పేరు పక్కన వచ్చేది సీపీసీ-ఏ, అంటే అప్రెంటిస్. రెండేళ్ల కోడింగ్ అనుభవం చూపిస్తే ఆ ‘ఏ’ పోతుంది. 80 గంటల కోడింగ్ శిక్షణ పూర్తిచేసినట్టు రుజువు ఉంటే ఒక ఏడాది అనుభవం చాలు. కోచింగ్ సెంటర్ నుంచి గంటల లెక్కతో సర్టిఫికెట్ మొదట్లోనే రాయించుకుని దాచుకోండి. తర్వాత అడిగితే ఆ సెంటరే అక్కడ ఉండకపోవచ్చు. సభ్యత్వానికి ఏటా డబ్బు కట్టాలి, రెండేళ్లకు 36 సీఈయూలు (పాసయ్యాక కొనసాగించే శిక్షణకు ఇచ్చే యూనిట్లు) చూపాలి. సీసీఎస్‌కైతే రెండేళ్లకు 20 చాలు.

సీసీఎస్ కూడా 4 గంటలే. ప్రశ్నలతో పాటు మెడికల్ సినారియోలు ఉంటాయి, మొత్తం రికార్డు చదివి కోడ్ తేల్చాలి. సీపీటీతో పాటు పీసీఎస్ తప్పనిసరి. ప్రిన్సిపల్ డయాగ్నసిస్ (అడ్మిట్ కావడానికి ముఖ్య కారణమైన జబ్బు) ఏది, అడ్మిట్ అయ్యేటప్పటికే ఉన్న జబ్బు ఏది, డీఆర్‌జీని (ఆసుపత్రికి ఎంత చెల్లించాలో తేల్చే కేసుల గ్రూపును) మార్చే కాంప్లికేషన్ ఏది అన్నవి తెలియాలి. ఒక్క సెప్సిస్ చార్టు తీసుకున్నా, సెప్సిస్‌తోనే వచ్చాడా, ఆసుపత్రిలో చేరాక వచ్చిందా అన్నదాన్ని బట్టి మొదటి స్థానంలో వేసే కోడే మారిపోతుంది. ఈ వివేచన పుస్తకం చదివితే రాదు, చార్టులు చదివితేనే వస్తుంది. అందుకే ఫ్రెషర్ సీసీఎస్ పట్టుకుని వచ్చినా ఐపీ ప్రాజెక్టులోకి తీసుకోవడానికి కంపెనీలు వెనకాడతాయి. ఐపీ డీఆర్‌జీ పనికి జీతం ఎక్కువ, నిజమే, కానీ ఆ జీతం అనుభవంతో కలిపి ఇచ్చేదే.

కోచింగ్‌తో నేరుగా చేరేవాళ్లకు డబ్బు తక్కువ ఖర్చవుతుంది, పని కూడా త్వరగా దొరకొచ్చు. అయితే ఒకే స్పెషాలిటీలో, అంటే రేడియాలజీలోనో ఈడీ (ఎమర్జెన్సీ విభాగం)లోనో ఏళ్లు గడిచిపోతాయి. మళ్లీ మళ్లీ ఒకేలా వచ్చే ఈ చిన్న చార్టుల్లోకే ఆటోమేషన్ ముందుగా వస్తోంది. అందుకే చేరిన మొదటి ఏడాదిలోనే సీపీసీ రాసేయండి. ఉద్యోగం ఖాయమని చెప్పి డిపాజిట్ అడిగే సెంటర్‌కు మాత్రం రూపాయి కట్టొద్దు.

హెల్త్ ఐటీ (ఆసుపత్రుల డేటా, సాఫ్ట్‌వేర్ పని) అనేది ఇంకో దారి, దాన్ని కోడింగ్‌తో కలిపి చూడొద్దు. అహిమా ఇచ్చే ఆర్‌హెచ్‌ఐటీ (ఆరోగ్య సమాచార టెక్నీషియన్) సర్టిఫికెట్ గుర్తింపు పొందిన అసోసియేట్ డిగ్రీ చదివినవాళ్లకు, ఇక్కడి డిగ్రీతో నేరుగా రాయలేరు. మన దగ్గర పనికొచ్చేది వేరు: ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ భాష), హెచ్‌ఎల్7, ఫైర్ ప్రమాణాలు (ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ల మధ్య డేటా పంచుకునే పద్ధతులు), స్నోమెడ్ సీటీ (వైద్య పదాల కోడ్ల జాబితా). 2021లో దేశమంతా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఫైర్ మీదే నడుస్తుంది. కంప్యూటర్ ముందు డేటాతో కుస్తీ ఇష్టమైతే ఇది మంచి దారి. ఆరోగ్యశ్రీ డెస్క్‌లో పనిచేసినవాళ్లకు కేస్ షీట్ చదివే అలవాటు ఎటు వెళ్లినా పనికొస్తుంది కానీ, అక్కడి ప్యాకేజీ కోడ్లకూ సీపీటీకీ పొంతన లేదు.

ఫీజు కట్టే ముందు సెంటర్‌ను మూడు ప్రశ్నలు అడగండి. ఏ ఏడాది పుస్తకాలతో చెబుతున్నారు? ఐసీడీ ఏటా అక్టోబరు 1న, సీపీటీ జనవరి 1న మారుతాయి. ఓపీ విజిట్లకు 2021లో వచ్చిన ఈ అండ్ ఎం (డాక్టర్ పేషెంట్‌ను చూసినందుకు వేసే కోడ్ల) నియమాలే చెబుతున్నారా, ఇంకా హిస్టరీ, ఎగ్జామ్ లెక్కలే చెబుతున్నారా? కొత్త పేషెంట్ విజిట్‌కు వేసే 99201 కోడ్ ఆ ఏడాదే తీసేశారు, దాన్ని బోర్డు మీద రాస్తే లేచి వచ్చేయండి. చివరిది, పేర్లు తీసేసిన అసలు చార్టులు ఎన్ని చేయిస్తారు? వాటి సంఖ్య చెప్పకుండా ప్లేస్‌మెంట్ గురించే మాట్లాడితే వేరే సెంటర్ చూసుకోండి.